గిటార్ మెడ వెడల్పు ధర చీటీ మీద రాయాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా లేత్ మిషన్ మీద పని చేస్తున్నాను. ఆదివారం ఆరాధనలో పాటలకు గిటార్ వాయించే కుర్రవాళ్లు చదువులకూ ఉద్యోగాలకూ ఊళ్లు వెళ్లిపోవడంతో, యాభై దాటిన వయసులో నేనే నేర్చుకుందామని పూనుకున్నాను. నా చేతికి సరిపడే గిటార్‌ను, నా స్థోమతకు అందే ధరలో వెతుక్కోవడానికి రెండేళ్లు పట్టింది. ఈ ఇబ్బంది నా ఒక్కడిదే కాదని, మా షెడ్ల వరుసలోనే నాలాంటి లావు వేళ్లవాళ్లు కొందరు గిటార్ కొని, నెల తిరగకుండా మూలన పెట్టేశారని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

విషయాన్ని కొలతల్లో చెబితేనే స్పష్టంగా ఉంటుంది. గిటార్ మెడ చివర, తీగలు బిరడాల వైపు వెళ్లే ముందు ఆనుకునే చిన్న తెల్లటి పట్టీని నట్ అంటారు. దాని మీద ఆరు తీగలకు ఆరు గాట్లు ఉంటాయి. ఎడమ చేతి వేళ్లకు తీగల మధ్య ఎంత చోటు దొరుకుతుందో ప్రధానంగా ఆ గాట్లే తేలుస్తాయి. మన దుకాణాల్లో కనిపించే ఉక్కు తీగల గిటార్లలో, అది యమహా ఎఫ్310 అయినా ఫెండర్ సీడీ-60ఎస్ అయినా, నట్ వెడల్పు 43 మిల్లీమీటర్లే. రెండు అంచుల్లో వదిలిన జాగా పోను మొదటి తీగ నుంచి ఆరో తీగ దాకా మిగిలేది సుమారు 36 మిల్లీమీటర్లు. అంటే పక్కపక్క తీగల మధ్య ఏడు మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. నా ఎడమ చేతి ఉంగరపు వేలి కొసను వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే 18 మిల్లీమీటర్లు వచ్చింది. సీ మేజర్ కార్డు (కార్డు అంటే కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టేటప్పుడు చూపుడు వేలు రెండో తీగను నొక్కి, మొదటి తీగను తాకకుండా వదిలేయాలి. నా వేలి కండ ఆ మొదటి తీగకు ఆనుకుని, మోగవలసిన స్వరం 'టక్'మని చచ్చిపోయేది. 'ఏ' మేజర్ అనే కార్డులో ఒకే ఫ్రెట్‌లో, అంటే మెడ మీద అడ్డంగా ఉండే రెండు లోహపు గీట్ల మధ్య గడిలో, మూడు వేళ్లు పక్కపక్కన పట్టాలి. నా చేతికి రెండు పట్టేవి, మూడోది ఫ్రెట్ వెనక్కి జారిపోయేది.

విజయవాడలో గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల, ఆ తర్వాత గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేటల్లో ఉన్న దుకాణాలకు కాలిపర్ జేబులో పెట్టుకునే వెళ్లాను. ధర చీటీల మీద రంగు రాసి ఉంది, ఉచితంగా ఇచ్చే సంచీ, బెల్టు, తీగలు మీటే చిన్న బిళ్లలైన పిక్‌ల సంగతి రాసి ఉంది. నట్ వెడల్పు ఒక్క చీటీ మీద కూడా లేదు. అడిగితే "అన్నీ ఒకటే సైజండీ" అన్నారు. నిజానికి అదే దుకాణంలో, అదే గోడకు, 43 మిల్లీమీటర్ల గిటార్ పక్కనే 52 మిల్లీమీటర్ల గిటార్ వేలాడుతోంది. నేను కొలిచి చూపించేదాకా అమ్మే అబ్బాయికి ఆ తేడా తెలియదు. అతన్ని తప్పు పట్టడం లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. ఇంకొక చోట "నెల రోజులు సాధన చేస్తే వేళ్లే అలవాటు పడతాయి" అన్నారు. సాధనతో వేలి కొస గట్టిపడుతుంది, వేలిని నిలువుగా దించడం కూడా వస్తుంది, ఆ మాట నిజమే. కానీ వేలి వెడల్పు తగ్గదు కదా. మా పక్కింటి అబ్బాయికి నేర్పే మాస్టారు ఇంకాస్త ముందుకు వెళ్లి, నీ వేళ్లకు గిటార్ రాదు, తబలా నేర్చుకో అన్నారట. పదమూడేళ్ల పిల్లవాడితో ఆ మాట అనే ముందు వాడి చేతిలో ఉన్న గిటార్‌ను ఒకసారి స్కేలుతో కొలిచి ఉంటే బాగుండేది.

ఈ 43 అనేది మార్చరాని కొలత కాదు. అమెరికాలో 1833 నుంచి గిటార్లు చేస్తున్న మార్టిన్ కంపెనీ పాత నమూనాల్లో నట్ వెడల్పు 1 7/8 అంగుళాలు, అంటే 47 మిల్లీమీటర్లకు పైన ఉండేది. తర్వాత 1 3/4కు వచ్చింది. తమ పెద్ద డొల్ల గిటార్లకు 1939లో దాన్ని 1 11/16కు, అంటే ఇప్పుడు మనం చూసే 43కు తగ్గించారు. పిక్‌తో వేగంగా వాయించేవారికి సన్నని మెడ సుఖంగా ఉంటుంది. ఆ అవసరం కొందరిది, అందరిదీ కాదు. ఈనాటికీ కెనడాలో తయారయ్యే సీగల్ ఎస్6 గిటార్‌కు 1.8 అంగుళాల నట్ ఉంటుంది. చిక్కల్లా ధరలోనే ఉంది. వెడల్పు మెడ ఉన్న ఉక్కు తీగల గిటార్ కావాలంటే, మామూలు గిటార్ల ధరను దాటి చాలా దూరం వెళ్లాలి.

తక్కువ ధరలో వెడల్పు మెడ దొరికేది నైలాన్ తీగల క్లాసికల్ గిటార్లలోనే. యమహా సీ40 వంటివి 52 మిల్లీమీటర్ల నట్‌తో ఇంచుమించు అదే ధరకు వస్తాయి. ఇంట్లో కూర్చుని వేళ్లతో మీటుకునేవారికి అది చక్కటి దారి, ఎవరైనా అడిగితే మొదట అదే చెబుతాను. ఆ శబ్దం మెత్తన, చర్చిలో నలభై గొంతుల మధ్య వినిపించదు. నేను మొదట కొన్నది ఆ తరహా గిటారే. శబ్దం చాలడం లేదని అంటే, అమ్మిన దుకాణంవారు ఉక్కు తీగలు వేసుకోమని చెప్పి వారే వేసి ఇచ్చారు. ఇరవై రోజులకు తీగలు మెడకు అందనంత ఎత్తుకు లేచాయి. ఆ మరుసటి వారం ఒక రాత్రి గదిలో పెద్ద చప్పుడైతే లేచి చూశాను. తీగల చివర్లు కట్టి ఉండే పట్టీ, అంటే బ్రిడ్జి, గిటార్ డొల్ల మీది చెక్క మూతను పీలికలుగా చీల్చుకుని ఊడి వచ్చి తీగలకు వేలాడుతోంది. మామూలు ఉక్కు తీగల సెట్టు శ్రుతిలో ఉన్నప్పుడు మొత్తం 70 కిలోలకు పైగా లాగుతుంది. నైలాన్ తీగలు లాగేది దాదాపు 40 కిలోలే. ఆ 40 కిలోలకు తగినట్టే క్లాసికల్ గిటార్ మూత కింద పల్చటి పట్టీలు విసనకర్రలా వేస్తారు, చాలా వాటి మెడలో ఇనుప కడ్డీ కూడా ఉండదు. బరువు మోసే భాగం గురించి మా పనిలో ఇలాంటి సలహా ఎవరైనా ఇస్తే ఊరుకోం. ఇది తెలియక ఎనిమిది వేలు పోగొట్టుకున్నాను, పాఠకులెవరూ ఈ పని చేయవద్దని వేడుకుంటున్నాను.

చివరికి నాకు దారి చూపింది నూజివీడు. విజయవాడకు నలభై కిలోమీటర్ల పైన ఉన్న ఆ ఊరి వీణల పేరు తెలుగువారికి కొత్త కాదు. పనస కర్ర తొలిచి వీణ చేసే ఒక పెద్దాయన దగ్గరకు నా రెండో గిటార్, 43 మిల్లీమీటర్లదే, పట్టుకెళ్లి సంగతి చెప్పాను. ఆయన నా కాలిపర్ వైపు చూడనైనా చూడలేదు. కాగితం పీలిక ఒకటి నట్ మీద పరిచి, తీగలున్న చోట గోటితో నొక్కి గుర్తులు పెట్టుకున్నారు. తర్వాత పీలికను వెలుగుకు ఎత్తి చూసి, "వీటి మధ్య చోటు సమానంగా లేదు బాబూ, లావు తీగల దగ్గర ఇరుకైంది" అన్నారు. గాట్ల నడిమధ్య నుంచి నడిమధ్యకు కొలిచి సమంగా కోస్తే, ఆరో తీగ మందం మొదటి తీగకు నాలుగు రెట్లు పైన కనుక, లావు తీగల మధ్య ఖాళీ తగ్గిపోతుంది. ఆయన తీగ అంచు నుంచి తీగ అంచుకు సమంగా పంచి, నట్ రెండు అంచుల్లో ఒక్కో వైపు వదిలిన మూడున్నర మిల్లీమీటర్లను రెండున్నరకు తగ్గించి, ఎముకతో కొత్త నట్ అరగదీసి ఇచ్చారు. 36 కాస్తా 38 అయింది. అంతకు మించి బయటికి జరిపితే వేలు నొక్కినప్పుడు మొదటి తీగ ఫ్రెట్ అంచు దాటి జారిపోతుందని ఆయనే చెప్పారు. ఐదు వందలు తీసుకున్నారు. సీ మేజర్‌లో మొదటి తీగ ఆ రోజే మోగింది.

ఇది నాకు సరిపోయింది. నాకంటే పెద్ద చేతులున్నవారికి రెండు మిల్లీమీటర్లు చాలవు, వారికి 46 నుంచి 48 మిల్లీమీటర్ల మెడ ఉన్న గిటారే కావాలి. యమహా కంపెనీ చెన్నై దగ్గర తన ఫ్యాక్టరీలో గిటార్లు తయారు చేస్తోంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల చెక్క ఎక్కువ పట్టడం ఖర్చులో పెద్ద విషయం కాదు, కొత్త కొలతకు అచ్చులు మార్చుకోవడమే అసలు ఖర్చని మిషన్ పని చేసేవాడిగా నాకు తెలుసు. కొనేవారు అడిగితేనే ఆ ఖర్చుకు ఎవరైనా సిద్ధపడతారు. అటువంటి కొలత ఒకటుందని కొనేవారికి తెలిస్తేనే అడుగుతారు.

అందుకే విజయవాడ, గుంటూరు దుకాణదారులను నేను కోరేది చాలా చిన్న పని. ధర చీటీ మీద నట్ వెడల్పు మిల్లీమీటర్లలో రాయండి. చెప్పుల మీద నంబరు వేస్తాం, చొక్కా మీద సైజు వేస్తాం, చేతిలో పట్టుకునే వాయిద్యానికి ఆ ఒక్క అంకె వేయడం కష్టం కాదు. వెడల్పు మెడ గిటార్ ఒక్కటైనా పట్టి చూసుకోవడానికి గోడకు వేలాడదీయండి. సంగీతం నేర్పే మాస్టార్లు కూడా కొత్త విద్యార్థికి గిటార్ ఏది కొనాలో చెప్పే ముందు వాడి చెయ్యి ఒకసారి చూడాలని మనవి. డిసెంబరు వస్తే క్రిస్మస్ పాటల కోసం మా ప్రాంతంలో గిటార్లు కొనేవారు చాలామంది ఉంటారు. ఆ లోగా చీటీల మీద ఈ అంకె కనిపించాలని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఆటోనగర్, విజయవాడ.