తాడు వేసి చూసిన చెరువు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే నెలలో జరిగే వైజ్ఞానిక ప్రదర్శన గురించి పిల్లలు మీకు ఇప్పటికే చెప్పి ఉంటారు. ఆ సందర్భంగా ఒక చెరువు సంగతి మీ దృష్టికి తేవాలనిపించింది.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, కాంకర్డ్ అనే ఊరి పక్కన వాల్డెన్ చెరువు ఉంది. దానికి అడుగే లేదని అక్కడివారు చాలాకాలం చెప్పుకునేవారు. 1845 జూలై 4న ఆ చెరువు ఒడ్డున, 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల గదిని తానే కట్టుకుని మకాం పెట్టిన రచయిత హెన్రీ డేవిడ్ థోరో, ఆ మాటను నమ్మి ఊరుకోకుండా, మరుసటి ఏడాది మొదట్లో నీరు గడ్డకట్టి ఉండగా మంచుకు రంధ్రాలు చేసి, చేపలు పట్టే తాడుకు రాయి కట్టి లోపలికి వదిలారు. పైకి లాగేటప్పుడు రాయి అడుగును వీడే క్షణంలో తాడు బరువెక్కేది. దాన్నిబట్టి లోతు పట్టేవారు. వందకు పైగా చోట్ల కొలిస్తే, అన్నిటికంటే లోతైన చోటు 102 అడుగులని తేలింది.

ఆయన కొంతకాలం బడిపంతులు కూడా. 1837లో బెత్తం వాడక తప్పదన్న బడిని కొద్ది రోజులకే వదిలేసి, తర్వాత అన్నగారితో కలిసి నడిపిన సొంత బడిలో పిల్లలను పొలాలకూ ఏటి గట్లకూ తీసుకువెళ్లేవారు. చెరువు ఒడ్డున ఉన్న రోజుల్లోనూ తరచూ నడిచి తల్లిగారింటికి వెళ్లేవారని కొందరు ఎగతాళి చేస్తారు. నాకైతే అందులో తప్పు కనిపించదు. అమ్మ చేతి అన్నం తింటూనే చెరువు లోతు తానే కొలుచుకోవచ్చు.

కిందటి వారం మన ఎనిమిదో తరగతి పిల్లలు ఆవరణలోని వేపచెట్టు ఎత్తును, దాని నీడను ఎత్తు తెలిసిన కర్ర నీడతో పోల్చి లెక్కగట్టారు. ఒక జట్టుకు 11 మీటర్లు, మరో జట్టుకు 9 మీటర్లు వచ్చింది. వాదన ముదిరాక తెలిసిందేమిటంటే, రెండో జట్టు కర్ర నీడను ముందుగా కొలిచి, చెట్టు నీడను అరగంట తర్వాత కొలిచింది. ఈలోగా ఎండ పైకెక్కి నీడ కురచయింది. ఈ సంగతి మా లెక్కల మాస్టారు ముందే చెప్పగలరు. చెప్పకుండా నవ్వుతూ నిలబడ్డందుకు ఆయనను అభినందించాను.

కనుక ప్రదర్శనకు దుకాణంలో థర్మోకోల్ నమూనాలు కొనిపెట్టవద్దని, రాత్రి మేలుకుని మీరే అతికించి పంపవద్దని మనవి. అటువంటివి నిరుడు చాలానే వచ్చాయి. దేన్ని గురించి అడిగినా పిల్లలు నేల చూపులు చూశారు. ఈసారి ఒక టేపు, మూరెడు తాడు, నెత్తికి టోపీ ఇచ్చి పంపండి. బట్టలకు మట్టి అంటుతుంది, కోప్పడకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు