ప్లేటు అంచున రెండు మిల్లీమీటర్ల చిల్లర

ఒంగోలు,
ఆదివారం.

ప్రియమైన రమణా,

మీ ఆఫీసులోనూ డిజైన్ నియమాలను సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాలని చూస్తున్నారని, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. మాకు జరిగింది రాస్తాను, నవ్వుకోవలసిన సంగతులు కూడా ఉన్నాయి.

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలకు మేము చేసే గాంట్రీలన్నీ, అంటే బండలెత్తే క్రేను చట్రాలన్నీ, ఒక తల్లి పిల్లలే. మారేవి స్పాను (ఆధారాల మధ్య దూలం పొడవు), ఎత్తవలసిన బరువు మాత్రమే. 3 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు, అంతే ఎత్తు ఉన్న గెలాక్సీ నల్ల గ్రానైట్ బ్లాకు ఒక్కటే సుమారు 20 టన్నులు తూగుతుంది. ఇన్నాళ్లూ పాత డ్రాయింగును కాపీ చేసి, కొలతలు దిద్ది, ఎక్కడో ఒక బెజ్జం దిద్దడం మరచిపోయి షాపులో మాటలు పడేవాణ్ని. అందుకే పోయిన వేసవిలో ఇన్వెంటర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో నియమాలు రాసుకునే ఐలాజిక్‌తో ఎండ్ ప్లేటుకు (దూలం చివర బోల్టులతో బిగించే ప్లేటుకు) నియమాలు రాశాను. ఉక్కు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 800 ప్రకారం 16 నుంచి 24 మి.మీ. బోల్టుకు బెజ్జం 2 మి.మీ. పెద్దది కావాలి, 24 దాటితే 3. బోల్టుల మధ్య దూరం బోల్టు వ్యాసానికి కనీసం రెండున్నర రెట్లు ఉండాలి. అంచు దూరం, అంటే బెజ్జం మధ్య నుంచి ప్లేటు అంచు దాకా, బెజ్జం వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు. బోల్టు సైజు మారిస్తే ప్లేటంతా దానంతట అదే సర్దుకుంటుంటే, పని అయిపోయిందనే అనుకున్నాను.

ఒకనాడు మా మేస్త్రి డ్రాయింగు పట్టుకొని వచ్చి, "బాబూ, ఈ ప్లేటు చేత్తో గ్యాస్ కటింగ్ చేశాం, అంచు చాలదు" అన్నారు. 20 బోల్టు, 22 బెజ్జం, అంచు దూరం 35. లెక్కకు 33 చాలు కదా అని వాదించబోయి, పుస్తకం తీసి చూశాను. ఒకటిన్నర రెట్లు మిషన్ మీద కోసిన అంచుకే. షియరింగ్ చేసినా (కత్తెరలా మిషన్‌తో తెంపినా), చేత్తో కోసినా 1.7 రెట్లు, అంటే 37.4 కావాలి. నా నియమంలో తప్పు లేదు, ప్లేటును ఎలా కోస్తారనే ప్రశ్నే లేదు. ఇప్పుడు ఆ ప్రశ్నను పెట్టి, జవాబును కావాలనే ఖాళీగా వదిలాను. నింపకపోతే నియమం ఆగిపోయి హెచ్చరిస్తుంది. చెప్పకుండా కొలతను తానే పెంచే నియమమంటే నాకు భయం, ఎందుకంటే పక్కనున్న వెల్డు ఎక్కడికి జరిగిందో ఎవరూ చూడరు.

మీ కుర్రవాళ్లకు ఒక్కటి ముందే చెప్పు. ఇన్వెంటర్ తన లోపల పొడవులను సెంటీమీటర్లలోనే దాచుకుంటుంది. ఐలాజిక్‌లో పారామీటర్ పేరుతో రాస్తే డాక్యుమెంటు యూనిట్లే తీసుకుంటుంది గానీ, ఏపీఐ దారిన, అంటే ప్రోగ్రాముతో నేరుగా సాఫ్ట్‌వేర్ లోపలికి వెళితే 22 అంటే 22 సెంటీమీటర్లే. మావాడొకడు అలా రాస్తే బిందె పట్టేంత బెజ్జం పడింది! అంత పెద్ద తప్పు నయం, వెంటనే కంటికి కనిపించింది.

దూలం వంపు నియమం మాత్రం ఇంకా యంత్రానికి ఇవ్వలేదు. 9 మీటర్ల స్పానుకు చేత్తో నడిపే క్రేనైతే 18 మి.మీ. వరకు వంగవచ్చు, 50 టన్నుల వరకు ఎత్తే కరెంటు క్రేనైతే 12 దాటకూడదు. చేతి క్రేనుకు తర్వాత మోటారు తగిలించే యజమానులు మా వైపు తక్కువేమీ కాదు, కాబట్టి ఆర్డరు ఇచ్చేటప్పుడే ఆ మాట ఎలా రాబట్టాలో ఆలోచిస్తున్నాను. మీరు ఏం అడుగుతారో రాయి.

నీ,
శీనయ్య