బేరింగ్ ఉత్తరం: మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు పల్లెలో 31 ఏళ్ళు బ్రాంచి పోస్టుమాస్టరుగా చేసి దిగిపోయినవాణ్ణి. ఊరి పేరు రాయడం లేదు. మా చెల్లెలి కొడుకు పేరు రాయను, వాణ్ణి ఉంచిన అబ్జర్వేషన్ హోమ్ (కేసు విచారణలో ఉన్న పిల్లల్ని ఉంచే చోటు) ఏ ఊళ్ళో ఉందో కూడా రాయను. భయపడి కాదు. కేసులో ఉన్న పిల్లవాడి ఆనవాలు బయటపడేలా ఎవరూ రాయకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. రాస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ సంగతి నాకూ ఈమధ్యే తెలిసింది. మా వాణ్ణి తీసుకెళ్ళిన మర్నాడే ఊరి వాట్సాప్ గ్రూపులో వాడి ఫొటో పెట్టినవాళ్ళకు ఇంకా తెలియదు.

మా వైపు రొయ్యల గుంటల మీద నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రింబవళ్ళు తిరుగుతుంటాయి. వాటి మోటార్లు విప్పి, లోపలి రాగి తీగ లాగి కిలోల లెక్కన అమ్ముకునే బ్యాచీలు ఉన్నాయి. అలాంటి ఇద్దరు పెద్దవాళ్ళతో పాటు మా వాడు ఆటోలో దొరికాడు. వయసు పదిహేను. వాడు చేశాడా, ఊరికే వాళ్ళ వెంట పోయాడా అన్నది బాలల న్యాయ మండలి (అందరూ బోర్డు అంటారు) తేలుస్తుంది. వాణ్ణి వెనకేసుకు రావడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వాడికి తండ్రి లేడు. మూడేళ్ళ కింద వేటకు పోయినప్పుడు పడవ మీదే గుండె ఆగి పోయాడు. మా చెల్లెలు రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి పోతుంది. పోయిన రోజే కూలి.

పోలీసుల మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. లాకప్‌లో పెట్టలేదు, ఇరవై నాలుగు గంటల్లోపే బాలల న్యాయ మండలి ముందు పెట్టారు. చట్టం చెప్పినట్టే చేశారు. తల్లికి కబురు చేయడమూ ఆ చట్టంలోనే ఉంది, అది మాత్రం మర్చిపోయారు. ఆమెకు ఆ కబురు టీ బంకు దగ్గర తెలిసింది. వాణ్ణి ఏ ఊరి హోమ్‌లో పెట్టారో కనుక్కునేసరికి మూడో రోజు.

నాలుగో రోజు ఇద్దరం వెళ్ళాం. మా ఊరి నుంచి నెల్లూరు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు. చేరేసరికి పన్నెండున్నర. గేటు దగ్గర ఇంగ్లీషులో ఒక బోర్డు ఉంది. ఏ రోజుల్లో, ఏ గంటల్లో కలవనిస్తారో అందులో ఉందట, మా చెల్లెలికి ఎలా తెలుస్తుంది? ఆమె చేతిలో అరిసెల డబ్బా ఉంది. రాత్రంతా కూర్చుని చేసింది. బయటి తిండి లోపలికి పోదన్నారు. అది సబబే, కాదనను, ఎవరి తిండిలో ఏముంటుందో ఎవరికి తెలుసు. ఆ మాట గేటు దగ్గర కాకుండా ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆమె రాత్రి నిద్రపోయేది. రిజిస్టర్లో సంతకం, ఆధార్ జిరాక్సు. జిరాక్సు లేదు. బజారుకు పోయి తెచ్చేసరికి టైమైపోయింది. పది నిమిషాలైనా చూడనివ్వమని బతిమాలితే లోపలి కేర్‌టేకర్ ఒకాయన జాలిపడి పిలిపించాడు. తెల్ల చొక్కా, ఖాకీ నిక్కరు వేసుకుని వచ్చాడు మా వాడు. తల్లిని చూసి మొదటి మాటగా, "కుక్కకు అన్నం పెట్టావా?" అన్నాడు. ఇద్దరూ ఇంకేం మాట్లాడుకోలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది, మూత తియ్యలేదు.

ఆ కేర్‌టేకర్ మంచివాడు. సిబ్బంది మీద కోపంతో నేనీ లేఖ రాస్తున్నానని అనుకోవద్దు. అంతమంది పిల్లల్ని పట్టుకుని తిండి, చదువు, కొట్లాటలు, జ్వరాలు, బోర్డుకు తీసుకెళ్ళడం అన్నీ వాళ్ళే చూసుకోవాలి. తల్లులకు సమాధానం చెప్పడం ఎవరి పనో మాత్రం అక్కడ ఎవరికీ తెలిసినట్టు లేదు. నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

బెయిలు సంగతి చెబుతాను. తొమ్మిదో రోజునే బోర్డు బెయిలు ఇచ్చింది. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. ఇంటి పన్ను రసీదో, పట్టాదారు పాస్‌బుక్కో ఉన్నవాళ్ళు రావాలి. నా ఇల్లు ఇప్పటికీ మా నాయన పేరు మీదే ఉంది, చెల్లదన్నారు. ఊళ్ళో అడగని ఇల్లు లేదు. "దొంగతనం కేసుకు సంతకమా, రేపు నన్ను స్టేషన్‌కు పిలిస్తే?" అన్నారు. తప్పు పట్టను, ఎవరి భయం వాళ్ళది. అలా ఒకటి కాదు రెండు కాదు, 19 రోజులు గడిచాయి.

ఇరవయ్యో రోజు... పొరపాటు, వాడు హోమ్‌కు పోయిన ఇరవయ్యో రోజు, అంటే బెయిలు వచ్చిన పదకొండో రోజు, మా చెల్లెలింటికి ఒక ఉత్తరం వచ్చింది. స్టాంపు లేదు. పోస్టాఫీసు భాషలో దాన్ని బేరింగ్ ఉత్తరం అంటాం. పంపినవాడు కట్టని ఛార్జీకి రెట్టింపు అందుకున్నవాళ్ళు కట్టాలి. అయిదు రూపాయల కవరుకు పది రూపాయలు. నా సర్వీసులో ఎన్నో బేరింగ్‌లు చూశాను, సగం మంది తీసుకోకుండా తిప్పి పంపేస్తారు. మా చెల్లెలు కొంగున ముడి విప్పి పది రూపాయలు ఇచ్చి తీసుకుంది. హోమ్ నుంచి విడుదలైన ఇంకో పిల్లవాడి చేతికి ఇచ్చి బయట డబ్బాలో వేయించాడట మా వాడు. నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం.

అందులో నాలుగే మాటలు. తను బాగున్నాడట. బస్సు ఛార్జీలు దండగ, రావద్దన్నాడు. చివర్న ఇలా రాశాడు: "మీ వాళ్ళు సంతకం పెట్టనన్నారంట, అందుకే పంపడం లేదంట. నిజమేనా అమ్మా? మామని అడుగు."

బెయిలు వచ్చాక ఇన్ని రోజులుగా ఈ పిల్లవాడు ఇంట్లోవాళ్ళే తనని వదిలేశారనుకుంటూ పడుకున్నాడు. ఎవరో కావాలని చెప్పి ఉండరు. ఏదో పనిలో ఉండి ఒక మాట విసిరి ఉంటారు. కానీ అసలు సంగతి కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు వాడికి లేరు, మాకూ లేరు.

ఆ ఉత్తరం పట్టుకుని నెల్లూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు పోయాను. పిల్లలకూ ఆడవాళ్ళకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారని పాత స్నేహితుడొకాయన చెప్పాడు. ప్యానెల్ లాయరు, మా పెద్దమ్మాయి వయసుంటుంది, కాగితాలు తిరగేసి తలెత్తి, "ఏడు రోజులు దాటిందిగా, ఎవరూ బోర్డు ముందు పెట్టలేదా?" అంది. బాలల న్యాయ చట్టం 12వ సెక్షన్లో ఉందట మంత్రి గారూ. బెయిలు వచ్చిన ఏడు రోజుల్లోపు పిల్లవాడు షరతులు తీర్చలేకపోతే మళ్ళీ బోర్డు ముందుకు తీసుకెళ్ళాలి, షరతులు మార్చడానికి. మేము అడగక్కర్లేదు, హోమ్ వాళ్ళే తీసుకెళ్ళాలి. ఆ అమ్మాయి పిటిషన్ వేసింది. తర్వాత బోర్డు కూర్చున్న రోజున పది నిమిషాల్లో అయిపోయింది. మేజిస్ట్రేటు గారితో పాటు కూర్చున్న సోషల్ వర్కర్లలో ఒకావిడ మా చెల్లెల్ని రెండు మాటలు అడిగింది. తల్లి సొంతంగా రాసిచ్చే పూచీకత్తు చాలన్నారు. ఆ సాయంత్రం వాడు ఇంట్లో ఉన్నాడు. మొత్తం 28 రోజులు. అందులో చివరి 12 రోజులు ఎవరో ఒకరు క్యాలెండరు చూడకపోవడం వల్ల.

ఇక ఉత్తరాల సంగతి. ఇది నా వృత్తి కాబట్టి కాస్త ఎక్కువే కోపం వచ్చింది. కేంద్రం 2016లో తెచ్చిన నమూనా నియమాల్లో ఉత్తరాల గురించి విడిగా రాసి ఉందని ఆ లాయరమ్మాయే చూపించింది. పిల్లవాడికి వచ్చే ఉత్తరాలకు అడ్డు చెప్పకూడదు. ఎన్ని రాసుకుంటానంటే అన్ని రాసుకోనివ్వాలి. తల్లిదండ్రుల ఆచూకీ తెలిసినప్పుడు నెలకు ఒక ఉత్తరమైనా రాయించాలి, తపాలా ఖర్చు హోమ్‌దే. ఇన్‌లాండ్ లెటరు రెండున్నర రూపాయలు, పోస్టుకార్డు అర్ధరూపాయి. పోస్టుకార్డు వద్దు లెండి, దారిలో అందరూ చదువుతారు, మా ఊళ్ళో అయితే నేనే చదివేవాణ్ణి. ఇన్‌లాండ్ చాలు. వంద మంది పిల్లలకైనా నెలకు 250 రూపాయలు. ఆ రెండున్నర రూపాయల ఉత్తరం ఒకటి బెయిలు వచ్చిన వెంటనే వచ్చుంటే మా వాడు ఆ మాట మనసులో పెట్టుకుని అన్ని రోజులు ఉండేవాడు కాదు, మేము వెంటనే జవాబు రాసేవాళ్ళం. నేటి కాలంలో ఉత్తరాలేంటి, ఫోన్లున్నాయి కదా అంటారేమో. ఫోన్ ఇంకా మంచిది. వారానికి ఒకసారి, ఫలానా రోజు ఫలానా టైముకు వస్తుందని తెలిస్తే మా చెల్లెలు ఆ పూట పని మానుకుని కూర్చుంటుంది. కానీ ఆ కేర్‌టేకర్ లాంటి వాళ్ళ సొంత ఫోన్ల మీద, వాళ్ళ జాలి మీద ఆధారపడేలా ఉండకూడదు.

ఒక కాగితం కావాలి. తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఒకే ఒక పేజీ. పిల్లవాణ్ణి బోర్డు ముందు పెట్టిన రోజే తల్లి చేతిలో పెట్టాలి. చదువు రానివాళ్ళకు ప్రొబేషన్ అధికారి చదివి వినిపించాలి. ఎలాగూ ఆయన రెండు వారాల్లో ఇంటికొచ్చి పిల్లవాడి కుటుంబం, బడి, స్నేహాల గురించి నివేదిక రాయాల్సిందేగా. మా ఇంటికి వచ్చినాయన అరగంట కూర్చుని బోలెడు అడిగాడు, రాసుకున్నాడు. మేము అడగాల్సినవి ఏంటో మాకు తెలియక ఊరుకున్నాం.

ఆ కాగితంలో ఏముండాలో రాయమంటే నేను రాసిస్తాను, ముప్పై ఏళ్ళు ఊరందరి ఫారాలు నింపినవాణ్ణే. ఇది జైలు కాదు, విచారణ అయ్యేదాకా ఉంచే అబ్జర్వేషన్ హోమ్ అన్న మాట మొదట ఉండాలి, ఎందుకంటే మా ఊళ్ళో అందరూ 'పిల్లల జైలు' అనే అంటారు. తప్పు రుజువైతే పంపే ప్రత్యేక గృహం వేరు, అక్కడ ఎంత ఉంచినా మూడేళ్ళకు మించదు. కలిసే రోజులు, గంటలు, ఏం తేవచ్చు, ఏం తేకూడదు. నెలకోసారి కలవడం నియమంలో ఉంది, అవసరాన్ని బట్టి ఇంకా ఎక్కువసార్లు కలవనిచ్చే అధికారం సూపరింటెండెంటుకు ఉంది. రోజుకూలి వాళ్ళకు ఆదివారం కలవనిస్తే ఎంత మేలో మీకు చెప్పక్కర్లేదు. ఉచిత లాయరు ఎక్కడ దొరుకుతారు, బెయిలు షరతు తీర్చలేకపోతే ఏడు రోజులకు ఏం జరగాలి. విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, మామూలుగా మరో రెండు నెలలకు మించి పొడిగించకూడదు, మూడేళ్ళ దాకా శిక్ష పడే చిన్న నేరమైతే ఆ గడువు కూడా దాటితే కేసు అంతటితో సరి. ఇవన్నీ చట్టంలో ఉన్నవే. నేను కొత్తగా అడిగేది ఏమీ లేదు, ఒక్క ప్రయాణ ఛార్జీలు తప్ప. వాటిని కూడా మీ శాఖ భరిస్తే బాగుంటుంది. మా ఇద్దరికీ ఒక్కోసారి పోయొచ్చేసరికి ఆమె కూలి నష్టంతో కలిపి వెయ్యి రూపాయల పైనే అయ్యేది.

ఇంకో సంగతి, ఇది రాయకుండా ఉండలేను. వాడు పట్టుబడడానికి ఏడాది ముందే బడికి సరిగ్గా పోవడం మానేశాడు. గుంటల మీద మేత చల్లే పనికి పోయేవాడు. పిల్లల సంరక్షణకు ఉన్న మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ అని ఉంది కదా. భర్త పోయిన తల్లి దగ్గర పెరిగే పిల్లలకు, పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 రూపాయలు దాటకపోతే నెలకు 4,000. మా చెల్లెలికి అన్ని అర్హతలూ ఉన్నాయి. ఆ పేరు మేము మొదటిసారి విన్నది బోర్డు వరండాలో, వాడి కేసు వాయిదా రోజున, జిల్లా బాలల సంరక్షణ విభాగం అమ్మాయి నోటి వెంట. దరఖాస్తు పెట్టాం. వాడి బడి అటెండెన్సు కావాలన్నారు. వాడు అప్పటికి హోమ్‌లో ఉన్నాడు కాబట్టి బడిలో పేరు కొట్టేశారు. మళ్ళీ చేర్పించడానికి హెడ్మాస్టరు గారి చుట్టూ నెల తిరిగాను. కేసు ఉన్నంత మాత్రాన బడి తలుపు మూయకూడదని ఆయనకు చెప్పడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు. చివరికి ఒప్పుకున్నారు, వాడు తొమ్మిదిలో కూర్చుంటున్నాడు. వెనక బెంచీలో.

నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1920లో, మద్రాసు పిల్లల చట్టం వచ్చింది. పిల్లల్ని పెద్దవాళ్ళ జైల్లో పెట్టకూడదన్న ఆలోచన మన వైపుకు వచ్చి నూరేళ్ళు దాటింది. ఇప్పటి చట్టమైతే పిల్లవాణ్ణి 'నేరస్తుడు' అని పిలవద్దంటుంది, సంస్థలో ఉంచడం చివరి మార్గం కావాలంటుంది, పిల్లవాడి బాధ్యతలో కుటుంబానిదే మొదటి చోటు అంటుంది. ఆ కుటుంబం గేటు బయట జిరాక్సు కోసం పరుగెత్తుతుంటుంది.

వాడికి వచ్చే వాయిదాకు మళ్ళీ నెల్లూరు పోవాలి. ఈసారి వాడూ నేనూ పోతాం, వాళ్ళ అమ్మకు కూలి పోకుండా. ఆ బేరింగ్ ఉత్తరం ఆమె రేషన్ కార్డు కవర్లో పెట్టుకుంది. చింపెయ్యమంటే వినదు.

ఈ లేఖ నకలు మీ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో విడిగా పంపుతున్నాను, ఛార్జీలు కట్టే పంపుతున్నాను. కవరు మీద చిరునామా మా వాడే రాశాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్రాంచి పోస్టుమాస్టరు,
నెల్లూరు జిల్లా