తాతయ్య ఇత్తడి బిళ్ళ

బరంపురం,
ఆదివారం

చి. అమ్మలూ,

నాన్న ఆశీస్సులు. మెళ్ళో కొత్త ఉద్యోగం ఐడీ కార్డుతో నువ్వు దిగిన ఫోటో మీ అమ్మ వీధంతా చూపించి వచ్చింది. నేను మాత్రం తాతయ్య ట్రంకు పెట్టె తీశాను. అడుగున, పాత పంచె చెంగు ముడిలో ఆయన రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో, పనిచేసినప్పటి నంబరు బిళ్ళ ఉంది. నంబరు అరిగిపోయింది, చివరి 7 ఒక్కటే వేలికి తగులుతోంది. దారం గుచ్చిన కన్నం ఒక పక్కకి సాగిపోయింది.

గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి రంగం పోయేనాటికి తాతయ్యకి పద్దెనిమిదేళ్ళు. ఏటి అవతల సిరియంలో చమురు శుద్ధి కర్మాగారం. ఖాళీ చేసిన టాంకుల్లోకి దిగి, అడుగున పేరుకున్న మడ్డి గీకడం ఆయన పని. నడుముకి తాడు. పైన మన పక్క ఊరివాడే ఒకడు దాన్ని పట్టుకునేవాడట. లోపల తల తిరిగితే తాడు రెండుసార్లు గుంజాలి, వాడు లాగేస్తాడు.

1942 మార్చి 7న ఆ కర్మాగారాన్ని తెల్లవాళ్ళే పేల్చి తగలబెట్టారు, జపాన్ వాళ్ళకి చుక్క పెట్రోలు చిక్కకూడదని. మర్నాడే జపాన్ సైన్యం రంగంలో దిగింది. ఏప్రిల్ నడుమకి ఎగువన యెనాంగ్యాంగ్ చమురు బావుల వంతు వచ్చింది. బావుల్లో ఇనుప సామాను పడేసి పూడ్చారు, టాంకులు అంటించారు, కరెంటు స్టేషన్ పేల్చేశారు.

తాతయ్య అప్పటికే జనంతో పాటు నడక మొదలెట్టాడు. వెనక్కి తిరిగితే నల్లటి పొగ. కాల్చడం తప్పు అని ఆయన ఏనాడూ అనలేదు. "అద్దంలా గీకి పెట్టాన్రా ఆ టాంకు" అని మాత్రం అనేవాడు. తాడు పట్టినవాడు ఇంఫాల్ చేరకుండానే అడవిలో కలరాతో పోయాడు. మేస్త్రీ ఇవ్వాల్సిన మూడు నెలల కూలి ఇద్దరికీ అందలేదు.

తగలబడ్డ ఆస్తులకి పరిహారం ఇమ్మని చమురు కంపెనీ స్కాట్లండ్ కోర్టులో కేసు వేసింది. 1964లో, అప్పట్లో బ్రిటన్‌కి పై కోర్టు కూడా అయిన ప్రభువుల సభ కంపెనీ పక్షానే తీర్పిచ్చింది. 1965లో బ్రిటన్ పార్లమెంటు వెనకటి తేదీలకీ వర్తించే చట్టం చేసి ఆ తీర్పుని కొట్టేసింది. ఎవరు నెగ్గారన్నది నాకు పట్టదమ్మా. టాంకుకి విలువ కట్టడానికి అంత వాదన జరిగింది. తాడు పట్టినవాడి పేరు మన ఇంట్లో తప్ప ఎక్కడా లేదు.

నువ్వు చేరింది సేఫ్టీ విభాగంలో. సైరన్ మోగితే గేటు దగ్గర మనుషుల్ని లెక్కపెట్టే పట్టీ ఉంటుంది కదా, అందులో కాంట్రాక్టు కూలీల పేర్లున్నాయో లేదో మొదటి వారంలోనే చూడు. టాంకులోకి ఎవరు దిగుతున్నారో, పైన ఎవరు కాపలా ఉన్నారో పేరు పెట్టి పిలిచేలా తెలుసుకో.

బిళ్ళ మావయ్య చేత పంపుతున్నాను. ఇత్తడి కదా అని చింతపండుతో తోమకు, ఆ 7 కూడా పోతుంది.

మీ నాన్న