ల్యాప్‌టాప్ నత్తనడకకు లినక్స్‌ను నిందించేముందు

సంపాదకులకు నమస్కారం.

విండోస్ బరువైపోయిన పాత ల్యాప్‌టాప్‌లను పారేయకుండా లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని వాడుకోవచ్చని మీ పత్రిక సాంకేతిక శీర్షికలో ఇచ్చిన సలహా మెచ్చదగినది. ఏడాది కిందటే ఆ పని చేసిన నాకు ఎదురైన ఒక చిక్కు గురించి, అది విడిన తీరు గురించి పాఠకులకు చెప్పడం అవసరమనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

మా అమ్మాయి డిగ్రీలో వాడిన ఇంటెల్ ఐ5, 8250యు ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు వేశాను. నాలుగు నెలలు చక్కగా నడిచిన యంత్రం ఉన్నట్టుండి మొరాయించింది. బ్రౌజర్ తెరుచుకోవడానికి నిమిషం పైన పట్టేది. మీట నొక్కాక అక్షరం తెర మీదికి ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చోవలసి వచ్చేది. మా ఊళ్లో రిపేరు చేసే కుర్రవాడు ‘లినక్స్ అంటే ఇంతే సార్, విండోస్ వేసేద్దాం’ అన్నాడు. తన దగ్గరున్న వేరే డిస్కు తగిలించి విండోస్ నడిపినా అదే నడక కావడంతో, ఈసారి మదర్‌బోర్డు పోయిందని తేల్చి 11,000 రూపాయలు అవుతుందన్నాడు. భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి, ఏమీ కొలవకుండానే ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.

లినక్స్‌లో కొలవడం కష్టం కాదు. ప్రాసెసర్ ఏ పౌనఃపున్యం (అంటే వేగం) దగ్గర నడుస్తున్నదో, ఎంతవరకు వెళ్లగలదో, ఆ వేగాన్ని నిర్ణయించే ‘గవర్నర్’ ఏదో అన్నీ సిస్ (/sys) డైరెక్టరీలో మామూలు అక్షరాల ఫైళ్లుగా కనిపిస్తాయి. గరిష్ఠ వేగం చూపే ఫైలులో 3400000 అని ఉంది. ఈ అంకెలు కిలోహెర్ట్జ్‌లలో ఉంటాయి కనుక అది 3.4 గిగాహెర్ట్జ్ అన్నమాట. ప్రస్తుత వేగం చూపే ఫైలులో మాత్రం ఎంత పని పెట్టినా 400000కు అటూ ఇటూగానే ఉంది. అంటే ప్రాసెసర్ తన వేగంలో దాదాపు ఎనిమిదో వంతుతో ఈడ్చుకొస్తున్నది.

ఇక్కడ చాలామంది లాగే నేనూ ఒక పొరపాటు చేశాను. గవర్నర్ పేరు ‘పవర్‌సేవ్’ అని కనిపించగానే దొంగ దొరికాడనుకుని ‘పర్ఫార్మెన్స్’కు మార్చాను, అంకె కదలలేదు. ప్రాసెసర్ ఖర్చు చేసే విద్యుత్తు పౌనఃపున్యానికీ, వోల్టేజీ వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది గనుక, పని లేనప్పుడు రెండింటినీ తగ్గించడం ఈ వ్యవస్థ ఉద్దేశం. ప్రాసెసర్ వేగాన్ని అదుపు చేసే పాత డ్రైవరు ప్రోగ్రాములో పవర్‌సేవ్ అంటే కనిష్ఠ వేగానికి కట్టేయడమే. అయితే 2013లో లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ 3.9తో వచ్చిన ఇంటెల్ పీ-స్టేట్ డ్రైవరులో అదే పేరుకు అర్థం వేరు: పనిని బట్టి వేగాన్ని పెంచడం, తగ్గించడం అది తనంతట తానే చేస్తుంది. ఒకే పేరుకు రెండు అర్థాలు పెట్టినవారిని ఏమనాలో గాని, ఈ గందరగోళం వల్ల తప్పులేని గవర్నర్ మీద నేను రెండు రోజులు వృథా చేశాను. ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూస్తే 45 డిగ్రీలు దాటలేదు. కాబట్టి వేడెక్కి వేగం తగ్గించుకున్నదనీ అనలేము.

అసలు కారణాన్ని కరెంటు కోత పట్టిచ్చింది. సెకనుకోసారి వేగాన్ని చూపేలా, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచిపెట్టి కాఫీ తాగుతుండగా కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారిన మరుక్షణం 400000 దగ్గర పాతుకుపోయిన అంకె 3000000 దాటింది. పది నిమిషాలకు కరెంటు వచ్చింది, అంకె మళ్లీ కిందికి పడింది. అప్పుడు అడాప్టర్ పిన్నును పరిశీలిస్తే, తీగను రోజూ బిగించి చుట్టడం వల్ల పిన్ను మొదట్లో అది నలిగిపోయి ఉంది. కొన్ని కంపెనీల అడాప్టర్లలో పిన్ను మధ్యనుండే సన్నని సూది ‘నేను ఇన్ని వాట్ల అడాప్టర్‌ను’ అని ల్యాప్‌టాప్‌కు చెబుతుంది. ఆ మాట అందకపోతే, ఎంత విద్యుత్తు లాగవచ్చో తెలియక బోర్డు ‘ప్రాక్‌హాట్’ అనే సంకేతంతో ప్రాసెసర్‌కు కళ్లెం వేస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా ముందే బోర్డు మీద నడిచే బయాస్ స్థాయిలో పడే ఈ కళ్లెం విండోస్‌కైనా లినక్స్‌కైనా ఒకటే. ఆన్ చేసినప్పుడల్లా అడాప్టర్ రకం తెలియడం లేదని తెర మీద హెచ్చరిక వస్తూనే ఉన్నదని, ఏదో మీట నొక్కి దాన్ని దాటేస్తున్నామని ఆ తర్వాత మా అమ్మాయి చెప్పింది. బ్యాటరీ 37 శాతం దగ్గరే నిలిచిపోవడాన్నీ ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. కంపెనీ అడాప్టర్ 1,650 రూపాయలకు కొన్నాక సమస్య తీరింది.

ప్రాసెసర్ లోపలి ఒక రిజిస్టరులో (అమరికలు దాచే చిన్న గడిలో) బిట్ మార్చి ఈ సంకేతాన్ని పట్టించుకోకుండా చేసే చిట్కా ఇంటర్నెట్‌లో విరివిగా దొరుకుతుంది. ఆన్ అయ్యేటప్పుడు గుర్తింపు ఉన్న సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ‘సెక్యూర్ బూట్’ రక్షణ ఉన్న యంత్రాల్లో కెర్నల్ దాన్ని సాధారణంగా అనుమతించదు, అది మంచికే. బోర్డులోని ఇతర భాగాలు నిజంగా వేడెక్కినప్పుడు ప్రాసెసర్‌ను ఆపేదీ ఆ సంకేతమే కావచ్చు గనుక, కారణం తెలియకుండా దాని నోరు నొక్కడం నాకు సమ్మతం కాదు.

రిపేరు షాపులవారు బోర్డు మార్చాలని చెప్పేముందు అసలైన అడాప్టర్ ఒకటి తగిలించి, తర్వాత తీసేసి, రెండు సందర్భాల్లోనూ వేగం ఎంతో చూడాలని కోరుతున్నాను. దానికి ఐదు నిమిషాలు చాలు. మీ సాంకేతిక శీర్షికలో కూడా ర్యామ్, ఎస్‌ఎస్‌డీ సలహాలతో పాటు ఈ వేగాన్ని ఎలా చూడాలో తెర బొమ్మలతో ఒక వారం వివరించగలరని మనవి.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి