కలెక్టర్ గారూ, ఆ పెట్టెలు తూకానికి పోకముందే...

కడప జిల్లా కలెక్టర్ గారికి,

అయ్యా, మా రాజనీతిశాస్త్రం మాస్టారు పోయాక ఆయన కాగితాలు ట్రంకుపెట్టెల్లో మిగిలాయి. ఉద్యోగమంతా ఆయన తరగతిలో రాజ్యాంగం చెప్పి, సెలవులొస్తే పల్లెలు పట్టి తిరిగారు. పంచాయతీ ఎన్నికల కరపత్రాలు, రచ్చబండల దగ్గర రాసుకున్న మాటలు, కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న 1937 శ్రీబాగ్ ఒడంబడిక గురించీ, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన కర్నూలు 1956లో ఆ హోదా పోగొట్టుకోవడం గురించీ పెద్దలు చెప్పిన జ్ఞాపకాలు అన్నీ అందులోనే ఉన్నాయి.

ఇస్తామంటే ఒక సంస్థవాళ్లు "పుస్తకాలైతే తీసుకుంటాం, చిత్తుకాగితాలు వద్దు" అన్నారు. ఆ చిత్తుకాగితాలే కదండీ అసలు సరుకు! అచ్చయిన పుస్తకం ఇంకోచోట దొరుకుతుంది.

బ్రౌన్ దొర బంగళా మొండిగోడలుగా మిగిలిన చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి గ్రంథాలయం నిలబెట్టిన ఊరు మనది. ఈ కాగితాలు దాచడానికి చెదలు పట్టని ఒక గది, జాబితా రాయగల మనిషి చాలు. మాస్టారు పేర్చిన వరుస చెదరగొట్టొద్దు, ఏ కాగితం పక్కన ఏది ఉందన్నదీ సమాచారమే. స్కాన్ చేశాం కదాని అసలువి పారేయొద్దు. ముఠాకక్షల ఊళ్లలో ఆయన్ని నమ్మి చెప్పినవాళ్ల పేర్లున్న కట్టలు మాత్రం ఆ తరం దాటేదాకా మూసే ఉంచాలి.

వానలు మొదలయ్యేలోగా ఎవరినైనా పంపండి. పెట్టెలు తెరిచి చూపిస్తాం.

ఇట్లు,
మాస్టారి పాత విద్యార్థి, కడప