గేటు దగ్గర అన్నం పెట్టిన బాబాయికి

నేను ఉద్యోగంలో చేరి ఇవాళ్టికి నాలుగో రోజు. ఐడీ కార్డు ఇంకా టెంపరరీదే, లాప్‌టాప్ చేతికి రాలేదు, రోజంతా ఇండక్షన్ హాల్లో కూర్చుని హాస్టల్‌కి వచ్చేసరికి కళ్ళు మూతలు పడిపోతున్నాయి. అయినా ఇది ఈ రాత్రే రాసేయాలి. రేపు, ఎల్లుండి అనుకుంటే ఇక రాయను, నా సంగతి నాకు తెలుసు.

2022 అక్టోబర్‌లో, ఫైనలియర్‌లో ఉండగా క్యాంపస్‌లో ఒక కంపెనీ నుంచి ఉద్యోగం ఆఫర్ వచ్చింది. ఏడాదికి 3.6 లక్షలు. 2023 మేలో బీటెక్ అయిపోయింది. జులైలో పిలుస్తామన్నారు. పిలిచింది 2024 ఆగస్టులో. మధ్యలో మూడుసార్లు తేదీ ఇచ్చారు, మూడుసార్లూ మార్చారు.

నేను థాంక్స్ చెప్పాల్సిన మనిషి ఆ ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేసేవాడు. పేరు రాయను, ఆయన ఉద్యోగానికి ఇబ్బంది రాకూడదు. శ్రీకాకుళం వైపు మనిషి, యాభై దాటి ఉంటాయి. నేను బాబాయ్ అని పిలుస్తాను.

నవంబర్‌లో రెండోసారి తేదీ వచ్చింది, సోమవారం పొద్దున పదింటికల్లా ఉండమని. ఆదివారం రాత్రి చీరాలలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. సర్టిఫికెట్ల ఫైలు తలకింద పెట్టుకుని పడుకున్నాను. తెల్లారి కాజీపేట దాటాక ఫోన్ చూస్తే మెయిల్. రాత్రి 11:52కి పంపారు. జాయినింగ్ వాయిదా పడింది, కొత్త తేదీ తర్వాత తెలియజేస్తాం అని రెండు లైన్లు. ఇంటికి ఫోన్ చెయ్యలేకపోయాను. నాన్న అప్పటికే మా వీధి మొత్తానికీ చెప్పేశాడు.

ఎలాగూ వచ్చాను కదా, ఒక మనిషి ఎదురుగా నిలబడి ఎప్పుడో చెబితే చాలు అనుకుని సికింద్రాబాద్‌లో దిగి, మెట్రోలో రాయదుర్గం వెళ్ళి, అక్కడి నుంచి షేర్ ఆటోలో బ్యాగు ఈడ్చుకుంటూ ఆఫీసు గేటు దాకా వెళ్ళాను. అపాయింట్‌మెంట్ లేకుండా లోపలికి పంపకూడదమ్మా అని చెప్పి, రిజిస్టర్‌లో నా పేరు రాసుకుని, ఇంటర్‌కమ్‌లో హెచ్‌ఆర్ వాళ్ళకి చేశాడు బాబాయ్. మెయిల్ పెట్టుకోమన్నారట. నేను అక్కడే నిలబడిపోయాను. ఆయన నన్ను పొమ్మనలేదు. తన క్యాబిన్‌లో ఉన్న ఒక్క కుర్చీ తెచ్చి చెట్టు నీడలో వేశాడు.

తర్వాత నేను అడగకుండానే ఆయనే మళ్ళీ మళ్ళీ ఫోన్ చేశాడు, మొత్తం నాలుగుసార్లు. నాలుగోసారి అవతలి మనిషి ఆయన్ని కసురుకోవడం నాకు కూర్చున్న చోటికి వినపడింది. "సరే సార్" అని పెట్టేసి, నా వైపు తిరిగి, "భోజనానికి ఎల్లారంటమ్మా" అన్నాడు. నాకు వినపడిందని ఆయనకు తెలియదు.

ఒంటిగంటన్నరకి క్యారేజీ తీశాడు. రెండు గిన్నెలది. మూతలో సగం అన్నం వేసి, వంకాయ ఎండురొయ్యల కూర వేసి, "ఏటమ్మా, పొద్దున్నుంచి ఏటీ తిన్నేదు కదా, తిను" అని నా చేతిలో పెట్టాడు. రెండో ముద్దకి ఏడుపు ఆగలేదు. అన్ని నెలలూ ఇంట్లో ఒక్కసారి కూడా ఏడవలేదు నేను, అమ్మ చూస్తుందని. ఆయన ఎందుకని అడగలేదు, ఏడవకు అనలేదు. లేచి వెళ్ళి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు, నేను తినడం అయ్యేదాకా. నాకు ఇప్పటికీ ఆ వీపు కనపడుతూ ఉంటుంది, చెమటకి తడిసిన నీలం చొక్కా.

బయల్దేరేటప్పుడు, దారంతో కట్టిన ఆ రిజిస్టర్ పెన్నుతోనే చివరి పేజీలో నా నంబర్ రాసుకున్నాడు. "కొత్తోళ్ళు జాయినవడానికి వస్తే నా గేటు మీంచే కదా ఎల్తారు, నాను ఫోన్ చేస్తాను" అన్నాడు. ఏదో ఊరడించడానికి అన్నాడనుకున్నాను. నిజంగానే చేశాడు. సంక్రాంతి అయ్యాక ఒక బ్యాచ్ వచ్చిందని, ఏప్రిల్‌లో ఇంకో బ్యాచ్ వచ్చిందని, నీకు మెయిల్ రాలేదా అమ్మా అని. ఏడాది దాటినా ఆ కంపెనీ నుంచి నాకు వచ్చిన ఫోన్లు సున్నా. బాబాయ్ మూడుసార్లు చేశాడు, తన సొంత రీఛార్జితో.

ఇది కూడా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఒక ఆఫర్ వస్తే ఇంకో కంపెనీకి కూర్చోనివ్వరు మా కాలేజీలో, చాలా కాలేజీల్లో ఇదే రూలు. బయట అప్లై చేద్దామంటే 2023 బ్యాచ్ వద్దు, 2024 వాళ్ళే కావాలనేవాళ్ళు, లేదంటే ఎక్స్‌పీరియన్స్ అడిగేవాళ్ళు. ఆఫర్ లెటర్‌లో మాత్రం కంపెనీ అవసరాలను బట్టి చేరే తేదీ మారవచ్చని ఒక లైను ఉంటుంది, ఆ ఒక్క లైనుతో మా ఏడాది పోయింది. జీతం రూపాయి లేదు కానీ ఆన్‌లైన్ కోర్సులు పూర్తి చెయ్యాలి, టెస్టు పాసవ్వకపోతే ఆఫర్ రద్దు అని మెయిళ్ళు మాత్రం టైముకి వచ్చేవి. ఎడ్యుకేషన్ లోనుకి చదువు అయ్యాక ఏడాది దాకే గడువు, ఆ తర్వాత ఈఎంఐ మొదలవుతుంది, మీకు జాయినింగ్ వచ్చిందా లేదా అని బ్యాంకు ఆగదు. జూన్, జులై ఈఎంఐలు పదో తరగతి పిల్లలకి లెక్కలు ట్యూషన్ చెప్పి కట్టాను. ఆరు నెలలు పిలవలేం అని ముందే నిజం చెప్పినా ఏదో ఒక పని చూసుకునేవాళ్ళం కదా. వచ్చే వారం, వచ్చే నెల అంటూ కట్టేసి ఉంచడం అన్యాయం.

అమ్మ, నాన్న, తమ్ముడు, మీకు వేరే చెప్పక్కర్లేదు. నాన్న రాత్రిళ్ళు కూడా మగ్గం మీద కూర్చున్నాడని నాకు తెలుసు.

సోమవారం జాయినవడానికి వెళ్ళి ముందు ఆయన కోసమే చూశాను. గేటు దగ్గర వేరే ఆయన ఉన్నాడు. ఏజెన్సీ వాళ్ళు బాబాయ్‌ని జూన్‌లోనే ఇంకో సైటుకి మార్చారట, ఎక్కడికో ఈ కొత్తాయనకు తెలియదు. ఫోన్ స్విచాఫ్ వస్తోంది. బాబాయ్‌ది బటన్ ఫోన్, ఇది ఆయన చూడడు. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు సెక్యూరిటీ ఏజెన్సీల్లో మీకు తెలిసినవాళ్ళు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, వివరాలు విడిగా చెబుతాను. బాబాయ్, నేను జాయినయ్యాను.

అయ్యో, హాస్టల్ అక్కని మర్చిపోయాను, మొదటి నెల అడ్వాన్సు జీతం వచ్చాక ఇమ్మంది. టెస్టుల ముందు రాత్రంతా ఫోన్‌లో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లకి వాడే కంప్యూటర్ భాష) చెప్పిన సీనియర్ అన్నకి కూడా చాలా థాంక్స్. ఇంకా మా చీరాలలో జిరాక్స్ షాపు ఆయన, మూడుసార్లూ సర్టిఫికెట్ల సెట్టు తీసి, మూడోసారి డబ్బులు తీసుకోలేదు. ఇంకెవరైనా గుర్తొస్తే రేపు పొద్దున కలుపుతాను, ఇప్పుడు కళ్ళు తెరుచుకోవట్లేదు.